రెండో పవర్ సప్లై ఉంటే సరిపోతుందా?

వైరు మీద నడిచే ఇంటర్‌కమ్ గురించి ఉత్తరాలు పోగుపడ్డాయి. అంటే తెర వెనక పనివాళ్లు నడుముకు బెల్ట్‌ప్యాక్ అనే చిన్న పెట్టె, తలకు హెడ్‌సెట్ తగిలించుకుని మాట్లాడుకునే ఏర్పాటు. చాలామందిది ఒకటే గోడు: పవర్ సప్లై ఒక్కటే ఉంది, అది పోతే షో అంతా మూగబోతుంది, రెండోది పెట్టుకోవడం ఎలా? అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాను. మైకులు, స్పీకర్ల గురించి అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మాది మధ్యతరహా నాటకశాల. రెండు చానళ్ల వైర్డ్ ఇంటర్‌కమ్, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు, 12 బెల్ట్‌ప్యాక్‌లు, 2 స్పీకర్ స్టేషన్లు. అన్నిటికీ కలిపి ఒకటే పవర్ సప్లై. ఈమధ్య రెండో అంకం నడుస్తుండగా అది చచ్చిపోయింది. లైట్ల వాళ్లకీ, తెర లాగేవాళ్లకీ సైగలతోనే క్యూలు ఇచ్చి ఎలాగో ముగించాం. అదే మోడల్ ఇంకొకటి తెచ్చి, వై-కేబుల్‌తో రెండింటినీ ఒకే లైనుకు తగిలిస్తే, ఒకటి పోయినా రెండోది మోస్తుంది కదా?
– ఒక స్టేజ్ మేనేజర్

జవాబు: సప్లై కొనండి. వై-కేబుల్ ఆలోచన మాత్రం మానుకోండి.

ఎందుకో చెప్పాలంటే ఆ మూడు పిన్నుల్లో ఏది ఏం చేస్తుందో ముందు తేల్చుకోవాలి. చూడటానికి కనెక్టర్ ఒకటే, లోపల పద్ధతులు రెండు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బాబ్ కోహెన్, చార్లీ బటెన్ మొదలుపెట్టిన క్లియర్-కామ్ కంపెనీ పద్ధతిలో 1వ పిన్ కామన్, 2వ పిన్‌లో సుమారు 30 వోల్టుల డీసీ, 3వ పిన్‌లో మాట. ఒక కేబుల్, ఒక చానల్. ఆర్‌టీఎస్ అనే కంపెనీ వాళ్ల టీడబ్ల్యూ పద్ధతిలో ఒకే కేబుల్‌లో రెండు చానళ్లు పోతాయి. 1వ పిన్ కామన్. 2వ పిన్‌లో డీసీ, ఆ డీసీ మీదే ఎక్కి వెళ్లే మొదటి చానల్ మాట. 3వ పిన్‌లో రెండో చానల్. మీది ఏ రకమో మీరు రాయలేదు. మూడు పిన్నుల కేబుల్ ఒక్కటే బెల్ట్‌ప్యాక్‌లోకి వెళ్లి రెండు చానళ్లూ వినిపిస్తుంటే మీది రెండో రకం.

పవర్ సప్లై పెట్టె కరెంటు ఇచ్చి ఊరుకోదు. లైనుకు టర్మినేషన్ కూడా అదే ఇస్తుంది. అంటే ప్రతి చానల్ మాట వైరుకూ కామన్‌కూ మధ్య సుమారు 200 ఓమ్‌ల నిరోధం ఆ పెట్టెలోనే కూర్చుని ఉంటుంది. బెల్ట్‌ప్యాక్‌లు లైనుకు పదివేల ఓమ్‌లో, అంతకన్నా ఎక్కువో చూపిస్తాయి కాబట్టి వాటిని ఎన్ని తగిలించినా మాట స్థాయి పెద్దగా మారదు. ఆ స్థాయిని నిలబెట్టేది ఈ 200 ఓమ్‌లే. అలాంటి పెట్టెలు రెండు ఒకే లైను మీద పెడితే 200 కాస్తా 100 అవుతుంది. మాట దాదాపు సగానికి పడిపోతుంది. సైడ్‌టోన్, అంటే మన గొంతు మన చెవికే తిరిగి వినబడేది, సర్దుబాటు తప్పుతుంది. జనం వాల్యూమ్ పెంచుకుంటారు, ఎవరి హెడ్‌సెట్టో మెడలో వేలాడుతూ కూతపెడుతుంది. ఆ తర్వాత తప్పంతా హెడ్‌సెట్ల మీద పడుతుంది, పాపం.

ఇక డీసీ సంగతి. ఒకే మోడల్ అయినా రెండు పెట్టెలూ సరిగ్గా ఒకే వోల్టేజి ఇవ్వవు. ఒకటి 30.1 ఇస్తే ఇంకొకటి 29.7 ఇస్తుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఎక్కువ వోల్టేజి ఉన్నది బరువంతా తన మీద వేసుకుంటుంది, తక్కువది చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. కూర్చుంటే నష్టం లేదు. అది చచ్చినప్పుడే చిక్కు. బతికున్న పెట్టె ఇచ్చే 30 వోల్టులు చచ్చిన పెట్టె అవుట్‌పుట్‌లోకి వెనక్కి దూరతాయి. లోపల వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్‌కు ఇన్‌పుట్ వైపు ఏమీ లేక అవుట్‌పుట్ వైపు వోల్టేజి ఉంటే, రక్షణ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) లేని డిజైన్లలో రెగ్యులేటర్ కాలిపోవచ్చు. చచ్చింది లోపల షార్ట్ అయ్యి ఉంటే మరీ అన్యాయం, రెండోదాన్ని కూడా వెంటబెట్టుకుని పోతుంది. బ్యాకప్ కోసం పెట్టిన జోడే రెండు చావులకూ కారణం అవుతుంది.

సరైన దారులు రెండు. మీ పద్ధతిని బట్టి ఎంచుకోండి.

మొదటిది, భారాన్ని పంచుకోవడం. మీది క్లియర్-కామ్ రకమైతే నేను మొదట చెప్పేది ఇదే. స్టేజి మీది వాళ్లను ఒక సప్లై మీద, కంట్రోల్ గదినీ తెరలు లాగే ఫ్లై ఫ్లోర్‌నూ రెండో సప్లై మీద పెట్టండి. రెండింటి మధ్యా ఒక లింకు కేబుల్ వేయండి. అందులో 1, 3 పిన్నులు మాత్రమే కలిపి ఉండాలి. 2వ పిన్ వైరు రెండు చివర్లా కత్తిరించి, ఇన్సులేట్ చేసేయాలి. మాట కలుస్తుంది, డీసీ కలవదు. చానల్‌కు ఒకటి చొప్పున ఇలాంటి లింకులు కావాలి. ఒక పెట్టెకు టర్మినేషన్ ఆన్, రెండోదానికి ఆఫ్. చాలా పెట్టెల వెనక దీనికి చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నిటికి మూత విప్పి లోపల జంపర్ మార్చాలి. ఇలా చేస్తే ఒక సప్లై పోయినప్పుడు సగం మంది మాత్రమే మూగబోతారు. స్టేజ్ మేనేజర్ దగ్గర రెండు సప్లైల నుంచీ ఒక్కో బెల్ట్‌ప్యాక్ పెట్టుకుంటే షో నడుస్తుంది. ఇది అచ్చమైన రిడండెంట్ ఏర్పాటు, అంటే ఒకటి పోతే రెండోది మొత్తం మోసేది, కాదు. కానీ ఇందులో పాడవడానికి కొత్త వస్తువేదీ లేదు, అదే నాకు దీని మీద ఉన్న మక్కువ.

నా సంచిలో ఈ లింకు కేబుళ్లు ఎప్పుడూ ఉంటాయి, రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టి. టేపు ఎందుకంటే, ఇది మామూలు మైకు కేబుల్‌లాగే కనిపిస్తుంది. ఎవరో తీసుకెళ్లి మైకుకు పెడితే సగం ప్రాణంతో పలుకుతుంది. అలాగే ఎవరో మామూలు మైకు కేబుల్ తెచ్చి లింకుగా పెడితే మీ రెండు సప్లైలూ చడీచప్పుడు లేకుండా ఒకటైపోతాయి.

టీడబ్ల్యూ రకానికి ఈ కత్తిరింపు పనికిరాదు. 2వ పిన్ తీసేస్తే మొదటి చానల్ మాట కూడా పోతుంది. అక్కడ రెండు సప్లైల లైన్లను కలపాలంటే డీసీని ఆపి మాటను వదిలే కపాసిటర్లో ట్రాన్స్‌ఫార్మర్లో ఉన్న లింకు పెట్టె కావాలి. క్లియర్-కామ్ రకంలో మాత్రం అలాంటిది పెట్టకండి. అక్కడ ఎదుటివాళ్లను పిలవడానికి బెల్ట్‌ప్యాక్ మీది కాల్ లైటు వెలిగించే సంకేతం 3వ పిన్ మీద డీసీగానే వెళుతుంది. కపాసిటర్ దాన్ని మింగేస్తుంది. మాటలు దాటతాయి, కాల్ దాటదు.

రెండో దారి, డయోడ్లతో కలపడం. ఇదే నిజమైన జోడు. రెండు సప్లైల డీసీని ఒక్కో డయోడ్ గుండా తెచ్చి ఒక చోట కలుపుతారు. ఏది ఎక్కువ వోల్టేజి ఇస్తే దాని డయోడ్ తెరుచుకుంటుంది, రెండోది మూసుకుని ఉంటుంది. మొదటిది పడిపోగానే రెండోది అందుకుంటుంది. హెడ్‌సెట్‌లో మహా అయితే ఒక చిన్న టిక్‌మన్న చప్పుడు. మామూలు సిలికాన్ డయోడ్ 0.7 వోల్టులు దాకా తినేస్తుంది, షాట్కీ డయోడ్ 0.3 నుంచి 0.5 దాకా. రెండు ఆంపియర్ల దగ్గర షాట్కీలో వేడి ఒక వాట్‌లోపే. చిన్న హీట్‌సింక్ చాలు. 60 వోల్టులు, 5 ఆంపియర్లు తట్టుకునేది వేసుకోండి, మళ్లీ దాని గురించి ఆలోచించక్కర్లేదు.

అయితే డయోడ్లు ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. క్లియర్-కామ్ రకంలో 2వ పిన్‌లో ఉన్నది డీసీ మాత్రమే కాబట్టి అక్కడే పెట్టొచ్చు. టీడబ్ల్యూ రకంలో ఇంకా మాట ఎక్కని ముడి డీసీని ముందు డయోడ్లతో కలిపి, ఆ కలిసిన డీసీని ఒకే ఒక 200 ఓమ్‌ల ఫీడ్ సర్క్యూట్ గుండా లైనులోకి పంపాలి. ఆ ఫీడ్ సర్క్యూట్ డీసీని తేలిగ్గా వదులుతుంది, మాటకు మాత్రం 200 ఓమ్‌లు చూపిస్తుంది. ఇది మూత విప్పి చేసే పని. చేతనైనవాళ్ల చేత చేయించండి, లేదా లోపలే రెండు సప్లైలతో వచ్చే మెయిన్ స్టేషన్ తీసుకోండి.

చివరగా ఒకటి. జోడులో ఒక పెట్టె చచ్చిందనుకోండి, షో మధ్యలో దాని లైను కేబుల్ పీకకండి. కరెంటు లేకపోయినా చాలా పెట్టెల్లో ఆ 200 ఓమ్‌ల నిరోధం లైను మీద అలాగే పనిచేస్తూ ఉంటుంది. టర్మినేషన్ ఆ పెట్టెలోదే అయితే, మీరు కేబుల్ పీకగానే అది కూడా పోయి, మాట స్థాయి ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎగిసి, అందరి చెవుల్లో ఈలలు మొదలవుతాయి. చచ్చినదాన్ని తెర దిగేదాకా అక్కడే ఉండనివ్వండి.

ప్రశ్న: మా దగ్గర ఒక్కోటి 1 ఆంపియర్ ఇచ్చే సప్లైలు రెండు ఉన్నాయి, డయోడ్లతో కలిపాం. బెల్ట్‌ప్యాక్ ఒక్కోటి గరిష్ఠంగా 60 మిల్లీ ఆంపియర్లు, స్పీకర్ స్టేషన్ 200 తీసుకుంటాయని వాటి షీటులో ఉంది. 12 బెల్ట్‌ప్యాక్‌లు, 2 స్పీకర్ స్టేషన్లకు కలిపి 1.12 ఆంపియర్లు. మొత్తం 2 ఆంపియర్లు ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చా?
– ఒక సౌండ్ టెక్నీషియన్

జవాబు: మీ లెక్క కూడిక దగ్గర సరిగ్గానే ఉంది. ప్రశ్నే వేరుగా అడగాలి: ఒకటి పోయిన క్షణంలో మిగిలేది ఎంత? 1 ఆంపియర్. కావలసింది 1.12. అంటే మీ దగ్గర ఉన్నది ఒకదానికొకటి బ్యాకప్ అయిన రెండు సప్లైలు కావు, రెండు ముక్కలుగా ఉన్న ఒక పెద్ద సప్లై. రెండింట్లో ఏది పోయినా మిగిలింది ఓవర్‌లోడ్‌లో పడి తానూ ఆగిపోవచ్చు. ఒకటే ఉన్నప్పటికన్నా ఇప్పుడు పాడయ్యే అవకాశాలు రెట్టింపయ్యాయి!

నిజమే, అందరూ ఒకేసారి మాట్లాడరు. మామూలుగా వింటూ ఉన్నప్పుడు బెల్ట్‌ప్యాక్ గరిష్ఠంలో సగం కూడా తీసుకోదు. కాబట్టి మీ జోడు చాలా రోజులు బాగానే నడిచినట్టు కనిపిస్తుంది. కానీ గరిష్ఠం వచ్చేది ఎప్పుడు? ఏదో తేడా వచ్చి అందరూ కాల్ బటన్లు నొక్కుతూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నప్పుడు. ఇంటర్‌కమ్ ఆగకూడని ఘడియ కూడా సరిగ్గా అదే.

ఇంకో సంగతి లెక్కలో కనబడదు. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు అన్ని బెల్ట్‌ప్యాక్‌ల్లోని కపాసిటర్లూ ఒక్కసారిగా నిండాలి. ఆ తొలి లాగుడు మామూలు భారం కంటే చాలా ఎక్కువ. కరెంట్ లిమిట్ బిగువుగా ఉన్న సప్లై ఆ లాగుడుకు షార్ట్ అనుకుని మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. నడుస్తున్న భారాన్ని మోయగల సప్లైకి చల్లగా ఉన్న భారాన్ని లేపే శక్తి ఉండకపోవచ్చు. అందుకని పరీక్ష ఇలా చేయండి: అన్ని బెల్ట్‌ప్యాక్‌లూ తగిలించి, రెండు సప్లైలూ ఆపి, ఒక్కదాన్నే ఆన్ చేయండి. లేచిందా? దాన్ని ఆపి, రెండోదానితో మళ్లీ. రెండుసార్లూ లేస్తేనే జోడు.

నా దగ్గర 30 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి, 100 వాట్‌లది, అల్యూమినియం పలకకు బిగించి, రెండు వైర్లతో ఉంటుంది. 30 వోల్టుల సప్లైకి తగిలిస్తే సరిగ్గా ఒక ఆంపియర్ లాగుతుంది. అరగంట అలా వదిలి మీటరు పెట్టి చూస్తాను. మొదట 30 ఉండి, వేడెక్కాక 27కి దిగిన సప్లైకి లోపల ముసలితనం వచ్చినట్టే. పలక మీద చేయి పెట్టకండి, 30 వాట్‌ల వేడి ఊరికే పోదు. మీ భారానికి, ఒక్కోటి 2 ఆంపియర్లు విడిగా ఇవ్వగల జోడు తీసుకోండి. సగం బరువుతో నడిచే సప్లై చల్లగానూ ఉంటుంది. ఎలక్ట్రోలిటిక్ కపాసిటర్ల ఆయువు ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఈ వృత్తిలో అందరూ నమ్ముకునే లెక్క.

ప్రశ్న: జోడు సప్లైలు పెట్టి కూడా షోలో ఇంటర్‌కమ్ మొత్తం పోయింది. సప్లైలు రెండూ బాగానే ఉన్నాయి. చూస్తే సెట్టింగ్ కింద ఒక కేబుల్ నలిగి షార్ట్ అయింది. మరి ఇంత ఖర్చు ఎందుకు పెట్టినట్టు?
– కోపంగా ఉన్న పాఠకుడు

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. ఈ శీర్షికలో నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నదీ ఇదే. రెండో సప్లై కాపాడేది మొదటి సప్లై చావు నుంచి మాత్రమే. నా అనుభవంలో ఇంటర్‌కమ్ ఆగిపోవడానికి సప్లై చావు అరుదైన కారణం. నలిగిన కేబుల్, తడిసిన కనెక్టర్, పిన్ వంగిన ఎక్స్‌ఎల్‌ఆర్, చక్రాల కింద పడ్డ వైరు, ఇవే రోజువారీ శత్రువులు. లైను షార్ట్ అయితే రెండు సప్లైలూ కలిసే ఆ షార్ట్‌లోకి కరెంటు పోస్తాయి, కలిసే పడిపోతాయి. పైగా రెండింటి కరెంట్ లిమిట్లూ కూడతాయి కాబట్టి నలిగిన చోట వేడి కూడా ఎక్కువే.

దీనికి మందు కొమ్మలు విడదీయడం. సప్లైల నుంచి వచ్చిన డీసీని స్టేజి ఎడమ, స్టేజి కుడి, లైట్లు, సౌండ్, ప్రేక్షకుల వైపు అని నాలుగైదు కొమ్మలుగా విభజించి, ప్రతి కొమ్మకూ విడిగా కరెంట్ లిమిట్ పెట్టండి. మంచి సప్లైల్లో అవుట్‌పుట్‌కు ఒకటి చొప్పున ఇది ముందే ఉంటుంది, షార్ట్ తీసేయగానే తనంతట తానే లేస్తుంది. లేనిచోట పాలీఫ్యూజ్ అనే చిన్న బిళ్ల ఉంది. వేడెక్కి తెంచుకుని, చల్లారాక మళ్లీ కలుస్తుంది. అది తెగడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఆ కాసేపు మిగతా కొమ్మల మీద కూడా వోల్టేజి కుంగుతుంది. ఎలక్ట్రానిక్ లిమిట్ మేలు, పాలీఫ్యూజ్ అసలేమీ లేకపోవడం కన్నా మేలు.

ఒక్క మాట: కొమ్మలు విడదీసింది డీసీని మాత్రమే. క్లియర్-కామ్ రకంలో 3వ పిన్ అన్ని కొమ్మలకూ ఉమ్మడే. నలిగిన కేబుల్‌లో 3వ పిన్ వెళ్లి 1వ పిన్‌కు తగిలితే కరెంటు అంతటా ఉంటుంది, దీపాలన్నీ వెలుగుతుంటాయి, మాట మాత్రం ఎక్కడా ఉండదు. అప్పుడు పవర్ సప్లై వైపు చూసి లాభం లేదు. ఒక్కో కొమ్మ పీకుతూ పోండి, మాట తిరిగొచ్చిన చోట దొంగ దొరుకుతాడు. ఎక్కువగా నలిగే చోట్లకు వెళ్లే కొమ్మను సప్లై పక్కన మొదటి సాకెట్‌లోనే పెట్టుకుంటే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: రెండు సప్లైలనూ ఒకే యూపీఎస్‌కు పెట్టాం. చాలు కదా?

జవాబు: చాలదు. ఇప్పుడు మీ షో ప్రాణం యూపీఎస్‌లో ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు, అదొచ్చిన చిక్కు. ఒక సప్లైని యూపీఎస్‌కు, రెండోదాన్ని వేరే బ్రేకర్ మీద ఉన్న మామూలు సాకెట్‌కు పెట్టండి. కరెంటు పోతే మొదటిది, యూపీఎస్ పోతే రెండోది. ఆ రెండో సాకెట్ మీద డిమ్మర్లూ మోటార్లూ ఉండకూడదు. రెండు ప్లగ్గుల మీదా పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి: పీకవద్దు. ఊడ్చేవాళ్లు ప్లగ్గు పీకి తమ యంత్రం పెట్టుకోవడం నేను చూశాను. వాళ్ల తప్పేం లేదు, అక్కడ ఏమీ రాసి లేదు.

ప్రశ్న: రెండో సప్లై పెట్టినప్పటి నుంచీ హెడ్‌సెట్లలో గుంయ్‌మని మోత. ఒకటి ఆపినా పోవడం లేదు.

జవాబు: ఆపడం కాదు, పూర్తిగా విప్పి చూడండి: మెయిన్స్ ప్లగ్గు, లైను కేబుల్ రెండూ. అప్పుడు మోత పోతే మీకు గ్రౌండ్ లూప్ ఉంది. రెండు పెట్టెలూ రెండు చోట్ల ఎర్త్‌కు తగిలి, మధ్యలో ఇంటర్‌కమ్ కామన్ వాటిని కలిపింది. చాలాసార్లు నేరస్థుడు కేబుల్: కనెక్టర్ లోపల 1వ పిన్‌ను దాని లోహపు తొడుగుకు కలిపి సోల్డర్ చేసి ఉంటారు. మైకు కేబుళ్లలో కొందరు అలా చేస్తారు. ఇంటర్‌కమ్‌లో చేయకూడదు, ఎందుకంటే 1వ పిన్ ఇక్కడ అన్ని బెల్ట్‌ప్యాక్‌ల కరెంటూ తిరిగొచ్చే దారి. ఆ తొడుగు ఏ ఇనుప చట్రానికో తగిలితే ఆ కరెంటులో కొంత భవనం ఎర్త్ గుండా షికారు పోతుంది. మోత ఆపడానికి మెయిన్స్ ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేవాళ్లున్నారు. అది ప్రాణాంతకం, వద్దు.

మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్నచోట చెవి కూడా కొంత చెబుతుంది. లోతుగా 50 దగ్గర మోగితే బయటి నుంచి దూరినది. ఒక ఆక్టేవ్ పైన, 100 దగ్గర గరగరమంటే సప్లైలోని ఫిల్టర్ కపాసిటర్ ఎండిపోయింది. అప్పుడు లూప్ కోసం వెతకడం దండగ, ఆ సప్లైని మరమ్మతుకు పంపండి.

ప్రశ్న: జోడులో ఒకటి ఎప్పుడు పోయిందో మాకు తెలియనే లేదు. రెండోది కూడా పోయాక మూత విప్పితే తెలిసింది. రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి మరి!

జవాబు: ఆ దీపాలను డయోడ్ల తర్వాత తగిలించి ఉంటారు. అక్కడ వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది, బతికున్నది ఇస్తుంది కాబట్టి. దీపం తగిలించాల్సింది డయోడ్‌కు ముందు, సప్లై వైపు. దీపం కన్నా మేలైన ఏర్పాటు, ప్రతి సప్లై మీదా ఒక చిన్న 24 వోల్టుల రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. సప్లై బతికున్నంతసేపూ రిలే పట్టుకుని ఉంటుంది, పోగానే వదిలేస్తుంది. వదిలిన కాంటాక్ట్ స్టేజ్ మేనేజర్ బల్ల మీద ఒక ఎర్రదీపాన్ని వెలిగిస్తుంది. బజర్ వద్దు, నాటకం మధ్యలో అది మోగితే మిమ్మల్నే తిడతారు. రిలే కాయిల్ 30 వోల్టులకు తట్టుకుంటుందో లేదో దాని షీటులో చూసుకోండి, లేకపోతే ముందు ఒక రెసిస్టర్ వేయండి.

డయోడ్ కూడా చావొచ్చు. అది ఎక్కువగా షార్ట్ అయి చస్తుంది, అప్పుడు బయటికి ఏ తేడా కనబడదు, రక్షణ మాత్రం పోతుంది. ఒక సప్లైని ఆపి, దాని అవుట్‌పుట్ దగ్గర, డయోడ్‌కు ముందు, మీటరు పెట్టండి. సున్నాకు దగ్గరగా రావాలి. 30 చూపిస్తే డయోడ్ పోయింది.

నా అలవాటు ఒకటుంది. టెక్నికల్ రిహార్సల్ జోరుగా నడుస్తున్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా, ఒక సప్లై ప్లగ్గు పీకేస్తాను. ఎవరూ గమనించకపోతే సంతోషం. తర్వాత దాన్ని పెట్టి రెండోది పీకుతాను. ముందు చెప్పి పీకితే అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, నిజం బయటపడదు. దర్శకుల్లో కొందరికి నేనంటే పడకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ప్రశ్న: మాది చిన్న బృందం. రెండో సప్లై కొనే స్తోమత లేదు. బ్యాటరీతో ఏదైనా చేయొచ్చా?
– ఒక నాటక సమాజం కార్యదర్శి

జవాబు: చేయొచ్చు, నాకు ఈ పద్ధతి ఇష్టం కూడా. 12 వోల్టుల సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీలు రెండు వరుసగా కలిపి, వాటి ప్లస్‌ను డయోడ్ గుండా 2వ పిన్‌కు ఇవ్వండి. నిండిన జత 25, 26 వోల్టుల దగ్గర ఉంటుంది, మీ సప్లై 30 దగ్గర. సప్లై బతికున్నంతసేపూ డయోడ్ మూసుకుని ఉంటుంది. అది పడిపోగానే బ్యాటరీ అందుకుంటుంది. మెయిన్స్ పోయినా ఇదే కాపాడుతుంది, కాబట్టి యూపీఎస్ కూడా అక్కర్లేదు. 7 ఆంపియర్-అవర్ల జత ఒక ఆంపియర్ భారాన్ని నాలుగైదు గంటలు మోయాలి. సప్లైలో కూడా ఒక డయోడ్ పెట్టడం మరిచిపోకండి, లేకపోతే బ్యాటరీ కరెంటు చచ్చిన సప్లైలోకి దూరుతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే, వైరు మొదట్లోనే, ఒక ఫ్యూజ్ తప్పనిసరి. చిన్న బ్యాటరీ కూడా షార్ట్ అయితే వైరును ఎర్రగా కాల్చేంత కరెంటు ఇస్తుంది. ఛార్జింగ్ విడిగా, తగిన ఛార్జర్‌తో. 30 వోల్టుల లైనుకు నేరుగా కట్టి ఛార్జ్ చేయాలనుకోకండి, అది ఆ జతకు ఎక్కువ.

మీరు టీడబ్ల్యూ రకం వాడుతుంటే ఇది ఇలాగే చేయకండి. బ్యాటరీ మాటకు దాదాపు షార్ట్‌లా కనిపిస్తుంది. 2వ పిన్ మీదున్న మొదటి చానల్ మాయమై, రెండో చానల్ మాత్రం చక్కగా వినిపిస్తుంది. ప్రయోగశాల పవర్ సప్లైని నేరుగా తగిలించి, ఒక చానలే ఎందుకు పోయిందని తల పట్టుకునేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు.

పొడుగు కేబుళ్ల దగ్గర మాత్రం లెక్క చూసుకోండి. 22 గేజ్ రాగి వైరు కిలోమీటరుకు సుమారు 53 ఓమ్‌లు. 150 మీటర్ల కేబుల్ రాకపోకలకు 16 ఓమ్‌లు. చివర 6 బెల్ట్‌ప్యాక్‌లు 60 మిల్లీ ఆంపియర్ల చొప్పున లాగితే దారిలోనే 5.8 వోల్టులు పోతాయి. సప్లై 30 ఇచ్చినప్పుడు చివర 24 మిగులుతుంది, హాయి. బ్యాటరీ 24కి దిగాక, డయోడ్ తినేది కూడా పోతే, చివర మిగిలేది 18 కూడా ఉండదు. చాలా బెల్ట్‌ప్యాక్‌లు వోల్టేజి 20కి దిగేదాకానే సరిగ్గా పనిచేస్తాయి. దగ్గరివాళ్లు బాగానే మాట్లాడుతుంటే దూరంవాళ్ల గొంతు బొంగురుపోయి ఆగిపోతుంది. ఆ దూరపు కొమ్మకు ఇంకా లావుండే 18 గేజ్ వేస్తే నిరోధం సగం కన్నా తక్కువకు దిగుతుంది.

ప్రశ్న: ఇప్పుడంతా నెట్‌వర్క్ కేబుల్ మీద పీఓఈతో, అంటే ఆ కేబుల్‌లోనే వచ్చే కరెంటుతో, నడిచే డిజిటల్ బెల్ట్‌ప్యాక్‌లు. ఈ డయోడ్ల గొడవంతా పాతబడిపోలేదా?
– ఒక విద్యార్థి

జవాబు: డయోడ్లు నెట్‌వర్క్ స్విచ్ లోపలికి వెళ్లిపోయాయి, ప్రశ్న మాత్రం బయటే ఉంది. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణంలో ఒక పోర్టు 15.4 వాట్‌ల దాకా ఇస్తుంది, 2009 నాటి 802.3ఏటీలో 30 దాకా. రెండు పవర్ సప్లైలున్న స్విచ్ కొన్నామని ధీమాగా ఉంటారు. షీటులో చూడాల్సింది, ఒక సప్లై పోయాక పీఓఈకి మొత్తం ఎన్ని వాట్‌లు మిగులుతాయన్నది. కొన్ని స్విచ్‌లలో అది సగానికి పడుతుంది. అప్పుడు స్విచ్ ప్రాధాన్యం తక్కువ ఉన్న పోర్టుల కరెంటు ఆపేస్తుంది. ప్రాధాన్యం ఎవరూ నిర్ణయించకపోతే, చాలా స్విచ్‌లలో ఎక్కువ నంబరు పోర్టులు ముందు పోతాయి. స్టేజ్ మేనేజర్ బెల్ట్‌ప్యాక్ 24వ పోర్టులో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పోర్టుకు అన్నిటికన్నా పై ప్రాధాన్యం ఇవ్వండి. తర్వాత ఒక సప్లై తీగ పీకి, ఏ దీపాలు ఆరతాయో కాగితం మీద రాసుకోండి.